చౌదరయ్య కూడా రైతే

మన సభల్లో పెత్తనాన్ని ఎదిరించిన మనిషి గురించి చెప్పాలంటే వక్తలకు ముందుగా గుర్తొచ్చేది సంగదాసు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’లోని ఆ యువకుడి పేరెత్తగానే చప్పట్లు మోగుతాయి. ఆ చప్పట్ల మీదే మాకు పేచీ. సంగదాసు ఎదిరించింది తెల్లదొరను కాదు, తహసీల్దారును కాదు. తనను పనిలో పెట్టుకున్న మోతుబరి రైతు చౌదరయ్యను. మన సంఘం ఆనాడే ఉండి ఉంటే సభ్యత్వ రసీదు చౌదరయ్య పేరు మీదే ఉండేది.

తగువు కూలి దగ్గర వచ్చింది. ధాన్యం ధర పెరిగింది. అంతవరకూ గింజలు కొలిచిన ఆసాములు ఇకనుంచి డబ్బులిస్తామన్నారు. పైకి చిన్న మార్పే. లెక్క వేస్తే సంగతి తెలుస్తుంది. ధర పెరిగిన లాభం అంతా ఆసామి గాదెలో ఉండిపోతుంది, కూలివాడు చేతికొచ్చిన నాలుగు డబ్బులతో అవే గింజలు పెరిగిన ధరకు కొనుక్కోవాలి. సంగదాసు కూలీలను కూడగట్టి పని ఆపించాడు. కొత్తగా ఏదో కావాలని అతను అడగలేదు, ఉన్నది ఊడగొట్టవద్దన్నాడు. చివరికి చౌదరయ్య చేతి దెబ్బకే ప్రాణం వదిలాడు.

పల్నాటి పుల్లరి పోరాటంలో జైలుకెళ్లిన ఉన్నవ ఈ నవలను జైల్లోనే రాశారు. 1922లో అచ్చయితే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. మధ్యలో సడలించి మళ్లీ బిగించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గాని ఆ పీడ విరగడ కాలేదు.

మన వక్తలు ఎన్నడూ తలవని మనిషి ఇంకొకడున్నాడు ఆ నవలలో. చౌదరయ్య కొడుకు రామానాయుడు. తండ్రి ఎటున్నా సంగదాసు చెలిమి వదులుకోలేదు. కూలివాడు ఎదిరిస్తే అతనికి పోయేది పని, ప్రాణం. రైతుబిడ్డ ఎదిరించాల్సింది సొంత ఇంటినే. ఇప్పుడు మన సంఘానికి కావలసింది ఈ రామానాయుడు.

ఎందుకంటే ఏ కమిటీలో కూర్చున్నా ఒకటే మాట. ఉపాధి హామీ వచ్చి కూలీలు చెడిపోయారట, నాట్లప్పుడూ కోతలప్పుడూ ఆ పనులు ఆపించాలట. కూలీలు దొరకడం లేదన్నది సగం నిజం. పాత రేటుకు దొరకడం లేదన్నది పూర్తి నిజం.

రైతు కష్టం అబద్ధమని మేము అనడం లేదు. కౌలు, ఎరువులు, డీజిలు, వడ్డీ పోను కళ్లంలో ఏం మిగులుతుందో మాకు తెలుసు. కానీ ఆ గొయ్యి తవ్విందెవరు? సాగు ఖర్చు మీద కనీసం యాభై శాతం కలిపి మద్దతు ధర ఇవ్వమని స్వామినాథన్ కమిషన్ 2006లోనే చెప్పింది. మనం సి2 ఖర్చు మీద అడుగుతున్నాం. కేంద్రం ఏ2+ఎఫ్‌ఎల్ పట్టుకుని కూర్చుంది. సొంత భూమికి కౌలు విలువ, స్థిర పెట్టుబడి మీద వడ్డీ అందులో ఉండవు. మనకు రావలసిన ఆ తేడా ఢిల్లీలో ఆగింది. దాన్ని నాట్లేసే ఆడమనిషి కొంగుముడిలో వెతకడమేమిటి?

తేమ ఉందని మిల్లరు బస్తాకు ఇంత అని కోత పెడితే తలొంచుకుని సంతకం పెట్టి వస్తాం. అదే కూలి ముఠా మనిషికి యాభై ఎక్కువ అడిగితే రచ్చబండ దగ్గర పెద్దలను పోగేస్తాం. ఇంతకు మించి ఎవరూ ఇవ్వకూడదని కట్టుబాటు, ఇస్తే జరిమానా, పైగా దండోరా! సంగదాసుకు చప్పట్లు కొట్టిన చేతులే ఇవి. పైగా మన సభ్యుల్లో రెండెకరాల వాళ్లు తక్కువేమీ కాదు. తమ చేను నాటాక మొగుడూ పెళ్లాం పక్క చేలోకి కూలికి వెళ్తారు. ఆ కట్టుబాటు వాళ్ల కడుపు మీద కూడా పడుతోంది.

సీజన్‌లో ఉపాధి పనులు ఆపాలంటూ రెండు మండల కమిటీల నుంచి తీర్మానాలు వచ్చాయి. జిల్లా సభలో వాటిని వ్యతిరేకిస్తాం. మా తీర్మానం వేరే ఉంది. కూలి రేటుకు కట్టుబాటు పెట్టే పంచాయతీలో సంఘ సభ్యుడెవరూ కూర్చోకూడదు. రేటు మాట్లాడాల్సి వస్తే వ్యవసాయ కూలీల సంఘంతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలి. మద్దతు ధర ధర్నాకు వాళ్లనూ పిలవాలి, మైకు వాళ్లకూ ఇవ్వాలి. ఇది గిట్టని సభ్యులు వచ్చే సంచికకు రాసి పంపండి, అక్షరం కత్తిరించకుండా అచ్చేస్తాం.