మీ చెవికి ఇంపు, నా ఉద్యోగానికి ఎసరు

"ఏంట్రా నాన్నా ఆ గోల? రేకుడబ్బాలో తేనెటీగ దూరినట్టు!"

హెడ్‌ఫోన్స్ తీసేసి ల్యాప్‌టాప్ స్పీకర్ పెట్టినప్పుడల్లా మా పిన్ని అనే మాట ఇది. ఆఫీసులో ఇదే మాట కాస్త మర్యాదగా అంటారు. వెంటనే ఒక ఉచిత సలహా కూడా పడేస్తారు: "ఇప్పుడు ఎంత మంచి గొంతులొచ్చాయి బాస్, అచ్చు మనిషి మాట్లాడినట్టే ఉంటున్నాయి. అవి పెట్టుకోవచ్చుగా?"

పెట్టుకోను. ఎందుకు పెట్టుకోనో చెప్పడానికే ఈ టపా. మామూలుగా అయితే నవ్వి ఊరుకునేవాణ్ణే. కానీ ఈ మధ్య ఈ సలహా కాస్తా మా ఆఫీసులో రూలై కూర్చుంది. అక్కడే నాకు కాలింది.

ముందు నా సంగతి చెప్తాను. బీటెక్ మూడో ఏడాదికల్లా రెటినైటిస్ పిగ్మెంటోసా నా చూపుని దాదాపు మింగేసింది. ఇప్పుడు వెలుగూ చీకటీ తేడా తప్ప ఏమీ తెలీదు. తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డిగ్రీ గట్టెక్కించాను, దాంతోనే కోడ్ రాసుకుని బతుకుతున్నాను. 2006లో దాన్ని మొదలుపెట్టిన ఆస్ట్రేలియా కుర్రాడు మైకేల్ కర్రన్‌కి కూడా చూపు లేదు. దాంతోపాటు వచ్చే గొంతే ఈస్పీక్. జోనథన్ డడింగ్టన్ అనే ఆయన తయారుచేసి ఉచితంగా ఇచ్చేశాడు. వంద పైచిలుకు భాషలు (తెలుగుతో సహా) కలిపినా కొద్ది ఎంబీలే. పిన్ని చెప్పిన తేనెటీగ అదే.

నిజం చెప్పాలంటే మొదటివారం నాక్కూడా తలనొప్పే. చూపు పోయిందన్న బాధ ఒకవైపు, చెవిలో ఈ మరమనిషి ఒకవైపు. కానీ రోజుకి కొంచెం చొప్పున వేగం పెంచుకుంటూ పోయాను. మనిషి మామూలుగా ఇంగ్లీషులో నిమిషానికి నూట యాభై మాటలు మాట్లాడతాడనుకుంటే, నేనిప్పుడు నాలుగొందల దగ్గర వింటున్నాను. ఇదేం గొప్ప కాదు, అలవాటు. నాకంటే వేగంగా వినేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు.

సరే, అసలు విషయానికొస్తే, మా ఆఫీసులో భద్రత పేరుతో అందరికీ కొత్త ల్యాప్‌టాప్‌లిచ్చారు. నాకిచ్చినదాంట్లో కంపెనీ ఆమోదించిన స్క్రీన్ రీడర్ ఒకటే, గొంతు ఒకటే, సెట్టింగులకి తాళం. ఆ గొంతు మధురంగా ఉంది, కాదనను. అచ్చం టీవీ యాంకరమ్మలా ఊపిరి కూడా తీసుకుంటుంది. దాన్ని ఎంచింది ఎవరంటే, చూపున్న ముగ్గురు పెద్దమనుషులు. ఒక మీటింగులో రెండు వాక్యాల డెమో విని "వావ్" అన్నారట.

నేను రోజుకి వినేది రెండు వాక్యాలు కాదు మహానుభావులారా, ఎనిమిది గంటలు!

కింది బాణం మీట నొక్కితే పాత గొంతు ఆ క్షణమే మాట్లాడేది. ఇది కాస్త ఆలోచించుకుని మాట్లాడుతుంది. ఆ ఆలస్యం అరసెకనే కావచ్చు. కానీ నేను కోడ్‌లో వేల లైన్లు అలా దిగాలి. వేగం పెంచితే మాటలు ఒకదానిమీద ఒకటి పడి పచ్చడైపోతున్నాయి. బ్రాకెట్లు, సెమీకోలన్లు వరసగా వస్తే తడబడుతోంది. గంటలో అయ్యే కోడ్ రివ్యూకి మూడు గంటలు పట్టింది. నెల తిరక్కుండానే మేనేజర్ పిలిచి, "ఈ మధ్య నీ స్పీడ్ తగ్గింది, ఏమైనా ప్రాబ్లమా?" అన్నాడు. గొంతు మార్చింది వాళ్ళు, స్పీడ్ తగ్గింది నాది!

అసలు ఈ పాత గొంతుల్లో ఏముంది? పాత చింతకాయ పచ్చడి మీద మోజు కాదండీ, దీనికో కారణం ఉంది. ఈస్పీక్, ఎలోక్వెన్స్ లాంటివి ఎవరో రికార్డు చేసిన మాటల్ని అతికించి మాట్లాడవు. ధ్వనుల్ని చాలావరకు సూత్రాలతో అప్పటికప్పుడు లెక్కగట్టి పుట్టిస్తాయి. వేగం పెంచితే ఏ ధ్వనిని ఎంత కుదించాలో కూడా సూత్రమే చెప్తుంది. ఒకే మాటని వందసార్లు చదివించినా వందసార్లూ దాదాపు ఒకేలా పలుకుతాయి. అందుకే చెవి వాటికి అలవాటు పడుతుంది. కళ్ళున్నవాళ్ళు రోజూ చూసే ఫాంటుని అక్షరం అక్షరం కూడబలుక్కోరు కదా, ఇదీ అంతే. కొత్త న్యూరల్ గొంతులు మనుషుల మాటలు విని నేర్చుకున్నవి. మనుషులు నిమిషానికి నాలుగొందల మాటలు మాట్లాడరు కాబట్టి అవీ నేర్చుకోలేదు.

ఇది నా ఒక్కడి పిచ్చి అనుకుంటున్నారా? ఎలోక్వెన్స్ 1990ల నాటి గొంతు. ఎన్నో సహజమైన గొంతులు చేతిలో ఉన్న ఆపిల్ కంపెనీ 2022లో ఐఓఎస్ 16లో పనిగట్టుకుని దాన్ని తెచ్చి పెట్టింది. ఎందుకంటారు? వాడేవాళ్ళకి అది కావాలి కాబట్టి.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లీషులో మాట తోక మింగేసినా చాలాసార్లు అర్థమైపోతుంది. మన భాషలో ప్రాణమంతా తోకలోనే ఉంది. వస్తాడు, వస్తాడా, వస్తాడో, వస్తాడట: చివరి అక్షరం సరిగ్గా వినపడకపోతే కబురు కాస్తా ప్రశ్నో పుకారో అయిపోతుంది. కల, కల్ల, కాల: ఒత్తూ దీర్ఘమూ ఎగిరిపోతే అర్థం కూడా ఎగిరిపోతుంది. కాబట్టి తెలుగు గొంతుని మెచ్చుకోవాలంటే అది ఎంత తియ్యగా ఉందో కాదు, మూడింతల వేగంలో దీర్ఘాన్ని దీర్ఘంగా, ఒత్తుని ఒత్తుగా నిలబెడుతోందా అని చూడాలి. చాలాచోట్ల జరిగే పరీక్ష ఏమిటి? కొంతమందిని కూచోబెట్టి, మామూలు వేగంలో వాక్యాలు వినిపించి, ఎంత సహజంగా ఉందో ఒకటి నుంచి ఐదు దాకా మార్కులేయమంటారు. పెళ్ళిచూపుల్లో పాట పాడించి కోడలు పనిమంతురాలో కాదో తేల్చినట్టుంది!

అలాగని ఈస్పీక్ తెలుగు అద్భుతం అని నేననను. దాని తెలుగు యాస వింటే మా తెలుగు మాస్టారు బెత్తం తీసేవారు :) కొత్త గొంతులు దండగ అని కూడా అనను. నవల వినాలంటే నేనూ వాటినే పెట్టుకుంటాను. మా తాతయ్యకి గ్లకోమా, ఫోన్లో గూగుల్ తెలుగు గొంతుని నెమ్మదిగా పెట్టుకుని వార్తలు వింటారు. ఆయనకి నా ఈస్పీక్ పెడితే ఫోన్ గోడకేసి కొడతారు. నాలాంటివాళ్ళలోనే ఎలోక్వెన్స్ వాళ్ళూ ఈస్పీక్ వాళ్ళూ హీరోల అభిమానుల్లా కొట్టుకుంటాం. అది మా సరదా. నేను చెప్పేది ఒక్కటే. ఎవరి చెవి వాళ్ళది, పనిని బట్టి కూడా గొంతు మారుతుంది. ఏది మంచిదో నా బదులు మీరు తేల్చకండి.

స్టీఫెన్ హాకింగ్‌ని చూడండి. ఆయనది వినే గొంతు కాదు, మాట్లాడే గొంతు, నిజమే. అయినా 1980ల నాటి ఆ యంత్రం గొంతుని, అదీ అమెరికా యాసది, 2018లో పోయేదాకా వదల్లేదు. అది నా గొంతు అనుకున్నాడు. "ఇంతకంటే మంచివి వచ్చాయి కదా" అని ఆయన గొంతుకి తాళం వేసే ధైర్యం ఎవరికైనా ఉందా? మరి నా ల్యాప్‌టాప్‌కి ఎలా వేశారు?

మూడు వారాలు మెయిళ్ళు రాశాక చివరికి నాకు "ప్రత్యేక మినహాయింపు" దొరికింది. ఈస్పీక్ వచ్చింది, స్పీడూ వచ్చింది. అందరూ అభినందించారు. నాకు మాత్రం కోపం తగ్గలేదు. తాళం అలాగే ఉంది, నా ఒక్కడికి కిటికీ తెరిచారంతే. రేపు చూపులేని ఫ్రెషర్ ఎవరైనా చేరితే, ప్రొబేషన్‌లో ఉండి మేనేజర్లకి మూడు వారాలు మెయిళ్ళు రాయగలరా? "నాకే చేతకావట్లేదేమో" అనుకుని వెళ్ళిపోతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. మా కంపెనీ కూడా చక్కగా ప్రకటించింది. ఆ పీడీఎఫ్‌ని కొత్త గొంతుతోనే విన్నాను. ఎంత మధురంగా చదివిందో!

కంపెనీలకి, యాప్‌లు రాసే నా తోటి ఇంజినీర్లకి చెప్పేది ఇదే. మంచి గొంతులు చెయ్యండి, సంతోషం. కానీ పాతవాటిని పీకెయ్యకండి, సెట్టింగులకి తాళం వెయ్యకండి. గొంతుని పరీక్షించేటప్పుడు దాంతో రోజంతా పనిచేసేవాళ్ళని పిలవండి, వాళ్ళ వేగంలో వినిపించండి.

మీ చెవికి అది తేనెటీగ రొద కావచ్చు. నాకు మాత్రం తేనె అక్కణ్ణుంచే వస్తోంది.