ఆరాధనలో గిటారు నాదము

గిటారు ప్రవేశించిన దేవాలయములలో నెల్ల దానివెంట నొక వాదమును ప్రవేశించుచున్నది. మంజీరా తీరమున, నిజాంసాగరు కాలువల క్రింద వరియు చెఱకును పండించు మన మహమ్మద్‌నగర్, ఎల్లారెడ్డి ప్రాంతములును ఈ వాదమునకు వెలియైనవి కావు. యువకులు విద్యుత్ గిటారునకు ఓవర్‌డ్రైవ్ అను గరుకు నాదమును చేర్చి కీర్తనలకు వాయింపగోరుదురు. పెద్దలు “ఇది దేవుని మందిరమా, సినిమా హాలా?” యని విసుగుకొందురు. ఉభయులును గిటారు ఉండవలెనా, వలదా యని తగవులాడుచున్నారే గాని, ఉండెనేని దాని నాద మెట్టిదై యుండవలెనో విచారించువారు అరుదు. నా యభిప్రాయమున విచారింపదగినది ఆ రెండవ ప్రశ్నయే.

మొదట పిన్నలైన చదువరులకొఱకు ఓవర్‌డ్రైవ్ అననేమో చెప్పెదను. గిటారు తీగ కంపనమును నల్లబల్లపై సుద్దతో అలవలె గీయుడు. వాల్వులతో పనిచేయు పూర్వపు యాంప్లిఫయరునకు దాని శక్తికి మించిన సంకేతము నిచ్చినచో, అది అలల శిఖరములను పైకి పోనీయక నొక్కివేయును. శిఖరము గుండ్రముగా ఒదిగినచో నాదము మృదువై, కమానుతో లాగిన వయొలినువలె సాగుచుండును. కత్తితో కోసినట్లు చదునైనచో రంపపు మ్రోత పుట్టును. ఏలయన, ఆకృతి మారిన అలలో అసలు స్వరముతోబాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కంపనములు గల అనుస్వరములు పుట్టుచున్నవి. కోత ఎంత కఱకైన, పై అనుస్వరములు అంత బలపడును. ఇప్పుడు కాలితో నొక్కెడు చిన్న పెట్టె, అనగా పెడల్, 9 వోల్టుల బ్యాటరీతోను కొన్ని డయోడులతోను ఈ పని చేయుచున్నది. 1977లో వెలువడిన బాస్ కంపెనీవారి ఓడీ-1, ఆ దశాబ్దపు చివర వచ్చిన ఐబనెజ్ వారి ట్యూబ్ స్క్రీమరు ఇట్టి మృదునాదమునకు పేరొందిన జపాను పెడళ్లు.

ఈ నాదము అపవిత్రమని కొట్టివేయువారికి రెండు సంగతులు మనవి చేయుదును. అమెరికాలో సిస్టర్ రొసెట్టా థార్ప్ (1915–1973) అను గాయని బాల్యమునుండి దేవాలయములలో పాడుచు, పిమ్మట విద్యుత్ గిటారు చేపట్టి సువార్త గీతములకు గరుకు నాదము జోడించినది. 1964లో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున, వాడుక మానిన యొక రైల్వే స్టేషనులో ఆమె పాడుచుండగా టెలివిజనువారు చిత్రించిరి. రాక్ సంగీతమువారు ఆమెను తమ తల్లిగా నెంచుకొనుచున్నారు. కాబట్టి ఈ నాదము వీధినుండి దేవాలయములోనికి దూరినదని మాత్రమే చెప్పరాదు. దేవాలయమునుండి వీధికి నడచినదియు గలదు. ఇక రెండవది హార్మోనియము. ఫ్రాన్సు దేశమున పుట్టి 1840 ప్రాంతమున పేటెంటు పొందిన వాద్యమది. గమకము పలుకదను ఆక్షేపణతో 1940లో రేడియోవారు దానిని మన దేశమున నిషేధించిరి. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. నేడు మన పల్లె దేవాలయమున హార్మోనియము పెట్టెను చూచి ఇది పరదేశి వాద్యమని ఎవరైన ముఖము త్రిప్పుకొందురా?

అట్లని నేను యువకుల పక్షమున పూర్తిగా నిలువను. వారు వినిన పాటలు హిందీవో, ఇంగ్లీషువో. రికార్డింగులో మాట స్పష్టముగా వినబడునట్లు నిపుణులు ముందే సర్దిపెట్టినవి. మన సంఘములో అట్లు సర్దువారు లేరు. పైగా మన ఆస్తి యేమి? ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలగువారు రచించిన ఆ కీర్తనలకు రాగతాళములు శీర్షికలలోనే ముద్రింపబడి యున్నవి. అక్షరము రాని తల్లులు వాటిని చెవితో నేర్చి, చరణములకు చరణములే కంఠస్థము చేసిరి. పాట యెత్తుకొన్నవారి మొదటి మాట చెవిని బడినచో తక్కినది వారే అందుకొందురు. ఆ మాట వినబడనినాడు వారు పెదవులు కదుపుట మానుదురు. వాయించువాని కది తెలియదు, వాని చెవులు తన స్పీకరు చెంతనే యున్నవి గదా! చాపలమీది గానము సన్నగిల్లి వేదికమీది గానమే మిగులుట మన ఆరాధనకు కలుగగల నష్టములలో నెల్ల పెద్దదని నా నమ్మకము. నాదమును ఈ నష్టముతో తూచి యెన్నుకొనవలెను.

మాట యెట్లు మునుగునో చూడుడు. క, చ, ట, త, స వంటి హల్లులను ఒకదానినుండి మఱియొకదానిని వేఱు చేయు ధ్వని చాలవఱకు సెకనుకు 2,000 మొదలు 4,000 కంపనముల నడుమ నుండును. కఱకైన ఓవర్‌డ్రైవ్ తన అనుస్వరములను పోసి నింపునదియు ఆ తావే. కావున గెయిన్ అను నాబును తక్కువగా నుంచి, టోన్ నాబును సగమునకు దించుట మంచిది. ఇచ్చట నొక చిక్కు గలదు. ట్యూబ్ స్క్రీమరు జాతి పెడళ్లు మృదువైనవే. అయినను అవి మంద్రమును తగ్గించి 700 కంపనముల ప్రాంతమును ఉబ్బించును. ‘ఆ’ అని నోరు తెఱచి పాడునప్పుడు మనుష్య కంఠము బలము చూపునది దాదాపు అచ్చటనే. పాట లేని నడిమి వాద్యభాగమున ఆ గుణము గిటారును ముందునకు తెచ్చును గావున సొంపే. కంఠముల క్రింద మాత్రము అది పోటీదారు. కంఠముల క్రింద వాయించువాడు నడిమి స్థాయిని ఉబ్బింపని పెడలును కోరవలెను. లేదా గిటారు మీది వాల్యూము నాబునే కొంత దించి వాయింపవలెను. ఈ రెండవ ఉపాయమునకు దమ్మిడీ ఖర్చు లేదు. తల్లిదండ్రులు కూలినాలి చేసి కొనిచ్చిన పెడలు చాలక మఱియొకటి కోరు బాలురు దీనిని ముందుగా ప్రయత్నింతురు గాక!

వాయించు స్వరములును నాదములో భాగమే. ఓవర్‌డ్రైవ్‌లో రెండు స్వరములు కూడినప్పుడు వాని కంపనముల భేదమునకు సమానమైన మూడవ స్వరము పుట్టును. 220 కంపనముల షడ్జమును 330 కంపనముల పంచమముతో మీటిన, పుట్టునది 110. అది షడ్జమమునకు సరిగా క్రింది స్థాయి. తంబుర మీటినట్లు హాయిగా నుండును. షడ్జమముతో అంతర గాంధారమును మీటినచో గిటారు మెట్ల ననుసరించి అది సుమారు 277, భేదము 57. కావలసిన క్రింది షడ్జము 55. ఆ రెండు కంపనముల తేడాయే గుఱ్ఱుమను చప్పుడు. మూడు నాలుగు స్వరముల నిండు కార్డులు ఓవర్‌డ్రైవ్‌లో బురదవలె వినబడుటకు హేతువిదియే. కావున షడ్జ పంచమములు చాలును. లేదా ఒక్క తీగపై రాగమును పాడించుడు. పాలకొల్లులో జన్మించిన మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) మామూలు ఎనిమిది తీగలది వదలి అయిదు తీగల విద్యుత్ మాండలినును చేపట్టి, దానిపై గమకములు పలికించి కర్ణాటక విద్వాంసులను మెప్పించెను. మృదువైన ఓవర్‌డ్రైవ్ స్వరమును నిలిపి సాగించును గనుక, మన కీర్తనల గమకములకు అది సాయపడునే గాని విరోధి కాదు.

మఱియొక సంగతి, బహుశః అన్నిటికంటె ముఖ్యమైనది. మన చిన్న సంఘములలో గిటారునకు ప్రత్యేకమగు యాంప్లిఫయరు పెట్టె యుండదు. పెడలునుండి తీగను తిన్నగా మైకుల మిక్సరులోనికి గ్రుచ్చుదురు. గిటారు కొఱకు చేసిన 12 అంగుళముల స్పీకరు 5,000 కంపనములకు పైబడిన ధ్వనిని తనంతట తానే అణచివేయును. మైకు స్పీకర్లు అట్లు అణపవు. పై బూరలు అంతయు విప్పి చెప్పును. అందుచేత ఎంత విలువగల పెడలైనను తేనెటీగల తుట్టెవలె జుమ్మనును, నింద పెడలుపై పడును. స్పీకరు పెట్టె పని చేయు క్యాబినెట్ సిమ్యులేటరును నడుమ నుంచవలెను. అది లేనిచో మిక్సరులో గిటారు వరుసకు గల ట్రెబుల్ నాబును బాగుగా దించవలెను. పెద్దలు ద్వేషించిన నాదము పలుమాఱు ఓవర్‌డ్రైవ్ కాదనియు, స్పీకరు లేని ఓవర్‌డ్రైవ్ అనియు నాకు తోచుచున్నది.

కట్టడమును లెక్కింపదగినదే. మెదకులో పాస్నెట్ దొరగారు కట్టించి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయము 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గలది. అంతటి రాతి మందిరములలో నాదము ప్రతిధ్వనించి తానే సాగును. పెడలుతో సాగదీయ బనిలేదు. రేకుల కప్పు, సున్నపు గోడలు గల చిన్న మందిరములో సాగుట తక్కువ, గీపెట్టుట ఎక్కువ. ఒకచోట కుదిరిన నాబులను మఱియొకచోట అట్లే యుంచరాదు.

శనివారము సాయంకాలము అభ్యాసమునకు కూడినప్పుడు, వాయించువారు కాక వేఱొకరు కట్టకడపటి చాపమీద కూర్చుండవలెను. అది సంఘములోని యొక వృద్ధురాలైన మఱియు మేలు. ఆమె యెఱుగని క్రొత్త కీర్తన నొకదానిని పాడి, రెండవ చరణమున ఏమి చెప్పితిమమ్మా యని అడుగవలెను. ఆమె చెప్పలేకపోయిన గెయిన్ నాబును మఱికొంత దించి, ఆ చరణమునే తిరిగి పాడవలెను.