అక్షరభారము – వ్రేళ్ల క్షేమము

“స్త్రీ” అను మాట కాగితముపై ఒక్క అక్షరము. ఇన్‌స్క్రిప్టు కీబోర్డుపై దానికి ఆరు మీటలు నొక్కవలెను: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘము. “రాష్ట్రం” అను మాటకు ఎనిమిది మీటలు. అందు ష కొరకు షిఫ్టు మీట అదనము. కావున తెలుగు టైపు చేయువారి శ్రమను పుటల లెక్కతో మాత్రమే కొలుచుట న్యాయము కాదని నా అభిప్రాయము. పుటలో కానరాని శ్రమను వ్రేళ్లు మోయుచున్నవి.

ఈ భారము తగ్గించుటకు మార్గము కీబోర్డు అమరికలోనే ఉన్నది. గుణింతపు గుర్తులలో పెక్కు, పొల్లు ఎడమచేతి వైపునను, హల్లులలో అధికభాగము కుడిచేతి వైపునను ఉన్నవి. “స్త్రీ”లోని ఆరు మీటలు కుడి, ఎడమ చేతులకు వంతులవారీగా వచ్చును. రెండు వ్రేళ్లతో వెదకి కొట్టువారికి ఈ సౌకర్యము దక్కదు.

అసలు చిక్కు షిఫ్టు మీటతో వచ్చును. ఖ కుడిచేతి అక్షరము. దానికి ఎడమ షిఫ్టును నొక్కవలెను. ణ ఎడమచేతి అక్షరము. దానికి కుడి షిఫ్టు తగినది. రెండు పనులను ఒకే చేతికి అప్పగించినచో చిటికెనవ్రేలు సాగి, మణికట్టు ప్రక్కకు వంగును. నేను పెక్కేండ్లు ఎడమ షిఫ్టునే వాడితిని. తుదకు ఎడమచేత కాఫీగ్లాసు పట్టుటయు కష్టమయ్యెను. “అలవాటైపోవును” అని పై అధికారి ఓదార్చిరి. రెండు షిఫ్టులను వాడుట నేర్చిన పిదపనే నొప్పి తగ్గెను.

మోచేతులు శరీరమునకు దగ్గరగను, మణికట్లు తిన్నగను ఉండవలెను. టైపు చేయునపుడు మణికట్టును బల్ల అంచుపై ఆనింపరాదు. దూరపు మీటకై వ్రేలిని చాచక చేతినే జరుపుడు. మీటను తేలికగా తాకిన చాలును. షిఫ్టును పట్టియుంచుట కష్టమైనచో, ఒకదాని తరువాత ఒకటి నొక్కుటకు వీలిచ్చు “స్టిక్కీ కీస్” సదుపాయము కంప్యూటరులో కలదు. మాటిమాటికి వచ్చు పొడవైన పేర్లకు సంక్షిప్తరూపములు ఏర్పరచుకొనవచ్చును. నడుమనడుమ చేతులకు విశ్రాంతి నిండు.

బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కుట, రాత్రివేళ ఆ తిమ్మిరితో మెలకువ వచ్చుట, పట్టు సడలుట కనిపించినచో జాగుచేయక వైద్యుని చూడవలెను. మణికట్టులోని నాడి ఒత్తిడికి లోనైనపుడు ఇట్టి లక్షణములు కలుగును.

కార్యాలయాధిపతులకు ఒక్క మనవి: వేగము కోరుటకు ముందు పద్ధతి నేర్చుటకు వ్యవధినిండు, సరియైన ఎత్తుగల కుర్చీ, బల్ల సమకూర్చుడు. నొప్పి చెప్పుకొన్నవారిని సోమరులని తలంపకుడు.