పాలు ఎవరు చూడాలి?

ఇంట్లో పాలు పొంగిపోతే “నువ్వు చూస్తావనుకున్నా” అని ఒకరి మీద ఒకరు చెప్పుకుంటాం. పోయేది లీటరు పాలే. ఆస్పత్రిలోనూ అలాగే అనుకుంటే?

మా ఆదిభట్లకు దగ్గరే ఇబ్రహీంపట్నం. 2022 ఆగస్టు 25న అక్కడి ప్రభుత్వాస్పత్రిలో 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తర్వాత నలుగురు తల్లులు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమన్నారు. అప్పటినుంచి పళ్ల డాక్టరు దగ్గరికెళ్లినా నా చూపు పరికరాల మీదే!

పన్ను పీకే పటకారుకు రక్తం అంటుతుంది. సరిగ్గా శుభ్రం చేయకపోతే హెపటైటిస్-బి లాంటి జబ్బులు ఇంకొకరికి సోకవచ్చు. అందుకే కడిగి ఆటోక్లేవ్‌లో పెడతారు. అదీ మన ప్రెషర్ కుక్కర్ లాంటిదే, 121 డిగ్రీల ఆవిరి. కడిగేది ఒకరు, పెట్టేది ఒకరు, అందించేది మరొకరు. ‘అవతలివాళ్లు చూసుంటార్లే’ అనుకున్నారో, అంతే సంగతులు!

మొన్న మా అత్తయ్యకు పన్ను తీయించేటప్పుడు, “ఇవి ఎవరు పెట్టారమ్మా?” అని అడిగేశాను. నర్సమ్మ విసుక్కోకుండా రిజిస్టరు చూపించింది. తేదీ, టైము, పెట్టినవాళ్ల సంతకం, సరిచూసినవాళ్ల సంతకం. ప్యాకెట్టు మీద వేడికి రంగు మారే పట్టీ. “రంగు మారకపోతే నన్ను కూడా ముట్టుకోనివ్వదండీ” అని నవ్వారు డాక్టరుగారు. చిన్న ఉద్యోగి పెద్ద డాక్టరును ఆపగలిగిన చోటే నాకు ధైర్యం.

మీరూ మొహమాటపడకుండా అడగండి. మా ఇంట్లోనూ ఇప్పుడు పాలు పెట్టినవాళ్లే దించాలి!