చెడుకి పిలవకపోయినా వెళ్లాలి

మొన్న జనవరిలో ఒక తెల్లవారుజాము. బ్రాంప్టన్‌లో మా సైట్ దగ్గర చలి మైనస్ 18. ఏడు గంటలకు కాంక్రీట్ ట్రక్కు వస్తుంది. ఈలోపే టార్పాలిన్లు కప్పి, లోపల హీటర్లు వెలిగించి, స్టీలు మీద పేరుకున్న మంచు కరిగించాలి. గ్లౌజు తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. అయినా జేబులో ఫోన్ కదిలితే చూడకుండా ఉండలేం కదా. చూశాం. మా స్కూలు బ్యాచ్ గ్రూపులో ఒక కబురు. మా క్లాస్‌మేట్ ఒకడి నాన్నగారు విశాఖలో కాలం చేశారు.

ఆ కబురుకు పైన ఎవరిదో గృహప్రవేశం ఫొటో. దానికీ పైన ఒక పాప మొదటి పుట్టినరోజు కేకు. కబురు కింద పది నిమిషాల్లో నలభైకి పైగా దండం బొమ్మలు. మేమూ ఒక దండం బొమ్మ నొక్కి, గ్లౌజులు తొడుక్కుని పనిలో పడ్డాం.

మేమంటే ఒకే బేస్‌మెంట్‌లో ఉంటున్న ఇద్దరం. ఒకే స్కూలు, ఆ తర్వాత కంచరపాలెం పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా, తర్వాత దుబాయ్, ఇప్పుడు కెనడా. తండ్రిని పోగొట్టుకున్నవాడు ఎడ్మంటన్‌లో ఉంటాడు. సాయంత్రం గదికి వచ్చి అన్నం వండుకుంటుంటే అప్పుడు తట్టింది. దండం పెట్టాం సరే, వాడితో మాట్లాడామా?

ఫోన్ చేశాం. ఏం అడగాలో తెలియక "స్నానం చేశావా రా?" అని అడిగాం.

"చేశాను. చేసి డ్యూటీకి పోయాను. గదిలో ఒక్కడినీ కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. ఇప్పుడే వచ్చాను" అన్నాడు. కాసేపు ఆగి, "ఒరేయ్, పొద్దుట్నుంచీ గ్రూపులో డెబ్బై మెసేజీలు వచ్చాయి. ఫోన్ చేసినోళ్లు మీరే" అన్నాడు.

ఆ మాట దగ్గర మాకు నోరు పెగల్లేదు. మంచికి పిలిస్తే వెళ్లాలి, చెడుకి పిలవకపోయినా వెళ్లాలి అని మన పెద్దవాళ్లు అనేవారు. ఈ మాట మనలో వినని వాళ్లుండరు. పన్నెండు వేల కిలోమీటర్ల అవతల ఉన్నాం కాబట్టి ఆ మాట మనకు వర్తించదని మనకు మనమే సెలవు ఇచ్చుకున్నామా? ఈ ప్రశ్న పాఠకుల ముందు పెడదామనే ఈ నాలుగు మాటలు.

మూడు కొండల కింద బడి

మా స్కూలు విశాఖ వన్‌టౌన్‌లోని సెయింట్ అలోషియస్. ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న అన్సీ పట్టణం నుంచి 1846లో మన తీరానికి వచ్చిన ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు 1847లో మొదలుపెట్టిన బడి. అంటే సిపాయిల తిరుగుబాటు కన్నా పదేళ్లు పెద్దది. హార్బరు దగ్గర మూడు కొండలుంటాయి. రాస్ కొండ మీద మేరీమాత చర్చి, దర్గా కొండ మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, మరో కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. మా క్లాసు కూడా ఆ కొండల్లాగే ఉండేది. పోర్టు కళాసీల పిల్లలు, డాక్‌యార్డు ఉద్యోగుల పిల్లలు, రైల్వే పిల్లలు, కురుపాం మార్కెట్ కొట్లవాళ్ల పిల్లలు. క్రిస్మస్‌కి కేకు, రంజాన్‌కి సేమ్యా, సంక్రాంతికి అరిసెలు ఒకే డబ్బాలో కలిసేవి.

ఒక పిల్లాడి ఇంట్లో ఎవరైనా పోతే పొద్దున్న అసెంబ్లీలో చెప్పేవారు. అందరం ఒక నిమిషం నిలబడేవాళ్లం. సాయంత్రం క్లాసులో సగం మంది వాడింటికి వెళ్లేవాళ్లం. మాట్లాడటానికి మాకేం తెలుసు? వెళ్లి అరుగు మీద కూర్చునేవాళ్లం, అంతే. వాడు లోపల్నుంచి ఒకసారి తొంగి చూసి మళ్లీ లోపలికి పోయేవాడు. మర్నాడు బడికి వచ్చాక మాత్రం మా పక్కనే కూర్చునేవాడు. వెళ్లడం అంటే ఏమిటో మాకు నేర్పింది ఆ అరుగే.

ఆ బడి పేరులో ఆంగ్లో ఇండియన్ అన్న మాట ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఎన్నో బ్రిటన్‌కు, ఆస్ట్రేలియాకు, కెనడాకు వలస వెళ్లాయి. కాబట్టి ఇలాంటి బళ్లలో చదివి సముద్రాలు దాటినవాళ్లలో మనం మొదటివాళ్లం కాము. వాళ్లకు ఇంటి కబురు ఉత్తరంలో వారాలు పట్టి వచ్చేది. మనకు నిమిషంలో వస్తోంది. కబురు వేగం పెరిగింది గానీ మనిషి కదలడం తగ్గింది.

ఫొటో ఉన్న కబుర్లు, లేని కబుర్లు

గ్రూపులో శుభవార్తలు ఎలా వస్తాయో అందరికీ తెలుసు. పీఆర్ వచ్చింది, ఇల్లు కొన్నాం, బాబు పుట్టాడు, చెల్లి పెళ్లి. సంతోషమే, ఎవరు కాదంటారు? కానీ ఫొటో తీయలేని కబుర్లు కొన్ని ఉంటాయి. పర్మిట్ గడువు అయిపోయినవాడు, లే-ఆఫ్ అయి మూడు నెలలుగా ఇంటికి డబ్బు పంపలేనివాడు, సంసారం విరిగినవాడు, కడుపులోనే బిడ్డను పోగొట్టుకున్న దంపతులు. వీళ్లెవరూ గ్రూపులో ఏమీ రాయరు. ముందు మాట్లాడటం తగ్గిస్తారు. తర్వాత ఒకరోజు గ్రూపు నుంచి వెళ్లిపోయినట్టు ఒక చిన్న గీత కనిపిస్తుంది. ఎందుకు వెళ్లాడని ఎవరూ అడగరు. మా బ్యాచ్‌లో అలా వెళ్లినవాళ్లు ముగ్గురున్నారు. మేమూ అడగలేదు.

శుభానికి కూడా మనిషే కావాలి. ఇక్కడ బిడ్డ పుడితే గ్రూపులో తొంభై గుండె బొమ్మలు పడతాయి. కానీ వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడు తల్లిని సూపర్ వీసా మీద తెచ్చుకోలేడు, అది పౌరులకు, పీఆర్ ఉన్నవాళ్ల తల్లిదండ్రులకే. మామూలు విజిటర్ వీసా వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. బాలింతకు పథ్యం వండేవాళ్లు లేక, వాడు నైట్ డ్యూటీ దిగొచ్చి యూట్యూబ్ చూసి మిరియాల చారు పెట్టుకుంటాడు. ఆ తొంభై మందిలో అరగంట దూరంలో ఉన్నవాళ్లు నలుగురైనా ఉంటారు. ఒక్కరు ఒక క్యారేజీ పట్టుకెళ్తే ఎంత బాగుంటుంది?

రెండు రోజుల సెలవు, ఒకటిన్నర రోజు ప్రయాణం

"వెళ్లాలని ఉండదా? వెళ్లలేకే కదా" అంటారు. నిజం. లెక్క చూద్దాం. ఒంటారియోలో తల్లో తండ్రో పోతే చట్టం ఇచ్చే సెలవు ఏడాదికి రెండు రోజులు, అదీ జీతం లేకుండా. అల్బర్టాలో, బ్రిటిష్ కొలంబియాలో మూడు రోజులు, అక్కడా జీతం ఇవ్వాలన్న నిబంధన లేదు. బ్యాంకులు, విమానాలు, రైల్వేల వంటి ఫెడరల్ రంగాల్లో పది రోజుల వరకు ఉంది, మూడు నెలల సర్వీసు ఉంటే అందులో మూడు రోజులకు జీతం కూడా. మనలాంటి నిర్మాణ కార్మికుల్లో ఎక్కువమందికి వర్తించేది రాష్ట్ర చట్టమే. టొరంటోలో విమానం ఎక్కి, మధ్యలో మారుతూ, విశాఖలో ఇంటి గుమ్మం తొక్కేసరికి ఒకటిన్నర రోజు పోతుంది. అందుకే ఇంటి దగ్గర్నుంచి మామయ్యో బాబాయో చేసే మొదటి ఫోన్‌లో ఏడుపు కన్నా ముందు ఒక ప్రశ్న వస్తుంది. "ఎప్పటికి రాగలవు నాన్నా? ఫ్రీజర్ బాక్సు ఎన్ని రోజులకు మాట్లాడమంటావు?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కన్నా కష్టమైన పని మాకు ఏ సైట్‌లోనూ ఎదురుకాలేదు.

కాగితాల తిప్పలు వేరే. పాత పర్మిట్ గడువు దాటి, రెన్యువల్ ఇంకా చేతికి రాని సమయంలో ఇక్కడే ఉంటేనే పనిచేసే హక్కు. దేశం దాటితే ఆ హక్కు పోతుంది. ఎడ్మంటన్ మిత్రుడి పరిస్థితి సరిగ్గా అదే. కెనడా పౌరసత్వం తీసుకున్నవాళ్లకు ఇంకో పాఠం 2023లో దొరికింది. సెప్టెంబరు 21న భారత్ కెనడా పౌరులకు వీసాలు ఆపేసింది. కొన్ని రకాల వీసాలు అక్టోబరు 26 నుంచి, ఈ-వీసాలు నవంబరు 22 నుంచి మళ్లీ మొదలయ్యాయి. ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు మాత్రం మామూలుగానే వెళ్లొచ్చారు. కొత్త పాస్‌పోర్టు ఫొటో గ్రూపులో పెట్టినవాళ్లను మనం అడగాల్సింది పార్టీ కాదు, "ఓసీఐకి అప్లై చేశావా?" అని.

2021 సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏప్రిల్ 22 నుంచి సెప్టెంబరు 27 వరకు ఇండియా నుంచి కెనడాకు నేరుగా వచ్చే ప్రయాణికుల విమానాలు లేవు. రెండో వేవ్ ఊళ్లను ఊపేస్తున్న రోజులవి. వెళ్తే తిరిగి రాగలమో లేదో తెలియదు. అప్పుడు విశాఖలో ఉన్న మా బ్యాచ్‌వాళ్లు ఆక్సిజన్ సిలిండర్ల కోసం, మంచాల కోసం తిరిగారు. కన్నవాళ్లు కూడా దగ్గరికి రావడానికి భయపడిన రోజుల్లో చివరిదాకా నిలబడ్డారు. అంటే మనకు చేతకాక కాదు. కష్టం అందరికీ వచ్చినప్పుడు కదిలాం, ఒక్కరికి వచ్చినప్పుడు బొమ్మ నొక్కి ఊరుకుంటున్నాం.

ఏం చేయగలం?

ఆ రాత్రికి తిరిగి వద్దాం. మేం ఎడ్మంటన్‌కు ఫోన్ చేసేసరికి విశాఖలో తెల్లవారుజాము అయిదున్నర. దహనం ఇంకా కాలేదు. వెంటనే డాక్‌యార్డులో పనిచేసే మా క్లాస్‌మేట్‌ను నిద్రలేపాం. వాడు విసుక్కోలేదు. "నేనూ దండం బొమ్మ పెట్టి పడుకున్నాన్రా" అన్నాడు. ఇంకో నలుగురిని వెంటబెట్టుకుని ఏడు గంటలకల్లా ఆ ఇంటికి వెళ్లాడు. మిత్రుడి తమ్ముడు తలకొరివి పెట్టాడు. పాడె మోసినవాళ్లలో మా బెంచీవాళ్లు ముగ్గురు. జ్ఞానాపురం శ్మశానంలో డాక్‌యార్డు మిత్రుడు ఫోన్ పట్టుకుని నిలబడితే, ఎడ్మంటన్‌లో వాడు రాత్రి తొమ్మిదిన్నరకు తండ్రిని ఆఖరిసారి చూసుకున్నాడు. చెయ్యి వణికి బొమ్మ కదిలింది. అయినా ఫోన్ దించలేదు. అక్కడే ఎడ్మంటన్‌లో ఉండే మా జూనియర్ ఒకడికి చెబితే ఆ రాత్రి వెళ్లి వాడి గదిలోనే పడుకున్నాడు.

దీనికంతటికీ ఖర్చు ఎంత? నాలుగు ఫోన్లు. అందుకే మా బ్యాచ్‌లో కొన్ని మాటలు అనుకున్నాం, మిగతా బళ్లవాళ్లూ ఆలోచించండి. కబురు రాగానే ఊళ్లో ఉన్నవాళ్లలో ఒకరు ఆ ఇంటికి వెళ్లాలి. ఇక్కడ దగ్గర్లో ఉన్నవాళ్లలో ఒకరు ఆ మిత్రుడి గదికి వెళ్లాలి. అరవై మందీ ఫోన్ చేస్తే వాడు తట్టుకోలేడు, కాబట్టి ఇద్దరు చేస్తే చాలు, ఆ ఇద్దరెవరో గ్రూపులో చెప్పాలి. టికెట్‌కు డబ్బు లేకపోతే చందా అనొద్దు, చేబదులు అనండి. చందా అంటే మనిషి చిన్నబుచ్చుకుంటాడు, చేబదులైతే తీసుకుంటాడు. పెద్దకర్మ రోజున, సంవత్సరీకం రోజున, క్రైస్తవ మిత్రులైతే నవంబరు 2 సమాధుల పండుగనాడు ఒకసారి పలకరించాలి. గ్రూపు వదిలి వెళ్లినవాడికి వారంలోగా ఎవరో ఒకరు ఫోన్ చేయాలి.

మనకే ఏదైనా అయితే? మన పని అలాంటిది. ఇంటి ఫోన్ నంబరు, పాస్‌పోర్టు కాపీ, ఇన్సూరెన్స్ కాగితాలు ఇద్దరు మిత్రుల దగ్గర ఉంచాలి. ఇక్కడ సరిపడా సీపీపీ కట్టినవాళ్లు పోతే కుటుంబానికి కనీసం 2,500 డాలర్ల మొత్తం ఒకసారి వస్తుంది, అది అడిగితేనే వస్తుంది. నిరాధారులైన భారతీయుల భౌతికకాయం పంపడానికి 2009లో పెట్టిన కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ మన కాన్సులేట్లలో ఉంది. ఈ సంగతులు తెలిసినవాడు ఒక్కడైనా ప్రతి బ్యాచ్‌లో ఉండాలి.

"పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చేవాళ్లం, మాకు ఇవన్నీ కుదురుతాయా?" అని కొందరు అడిగారు. మేమూ అదే డ్యూటీ చేస్తున్నాం. ఆ రోజు మాకు పట్టింది నలభై నిమిషాలు. దండం బొమ్మ తప్పని కూడా మేం అనడం లేదు. ఏమీ లేనిదాని కన్నా అది నయమే. కాకపోతే దాన్ని నొక్కి మన పని అయిపోయిందని అనుకోవడం దగ్గరే వస్తోంది చిక్కంతా.

ఎడ్మంటన్ మిత్రుడికి మార్చిలో పర్మిట్ వచ్చింది. తండ్రి సంవత్సరీకానికి ఊరు వెళ్తున్నాడు. టికెట్‌కు సగం డబ్బు మా చేబదులు, వాడు నెలనెలా తీర్చేస్తున్నాడు. గ్రూపు వదిలి వెళ్లిన ముగ్గురిలో ఇద్దరికి ఫోన్ చేశాం. ఒకడు గంటసేపు మాట్లాడాడు. ఇంకొకడు ఎత్తలేదు. మళ్లీ ఈ ఆదివారం చేస్తాం.