సరుకు మనది, పేరెవరిది?

ఫాల్గుణ మాసంలో పెద్దింట్లమ్మ తిరునాళ్ళకు కొల్లేటికోట వచ్చేవారిలో, తిరుగు ప్రయాణంలో ఎండు పరిగెలో, ఎండు రొయ్యలో ఒక పొట్లం కట్టించుకునేవారు తక్కువేమీ కాదు. శీతకాలంలో ఆటపాక వద్ద గూడబాతులను చూడవచ్చే పట్టణవాసులదీ అదే వరుస. ఇంటికి వెళ్ళి వండుకున్న తరువాత, రుచి బాగుంది, ఇంకో కిలో తెప్పించుకుందామంటే ఎవరికి కబురు చేయాలి? పొట్లం మీద పేరు లేదు, ఊరు లేదు. ఉన్నదల్లా పాత పత్రిక కాగితం. తినే వస్తువులను పత్రిక కాగితంలో చుట్టవద్దని ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. పత్రికవారమైన మేమే ఈ మాట చెప్పవలసి రావడం కొంత ఇబ్బందే అయినా, సిర ఇంకు కడుపులోకి పోవడం కన్న అది మేలు.

ఇదే సరుకు దళారి చేతిలో పడితే కథ వేరు. పెద్దవీ చిన్నవీ వేరు చేసి, ఇసుక దులిపి, సంచిలో పోసి, అచ్చు వేసిన చీటీ అంటించేసరికి ధర మారిపోతుంది. ఎండలో నిలబడి కాకులను తోలుతూ ఎండబెట్టిన ఇల్లాలికి ఆ పెరిగిన ధరలో పైసా వాటా లేదు. దళారిని తిట్టి ప్రయోజనం లేదు. అతడు చేసిన పని మనం చేయలేనిది కాదు.

1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగగొట్టారు. లంక గ్రామాలలో బతుకుతెరువు నాటి నుండీ చిక్కు ప్రశ్నగానే ఉంది. చెరువుల విస్తీర్ణం పెంచుకునే దారి మూసుకుపోయిన చోట, చేతిలో ఉన్న సరుకుకు విలువ పెంచుకోవడమే కొంతలో కొంత దారి.

పేరు లేని సరుకుతో మరో నష్టం ఉంది. 2018 జూలైలో ఫార్మలిన్ కలుపుతున్నారన్న ఆరోపణపై అస్సాం ప్రభుత్వం ఆంధ్రా చేపల రాకను కొన్నాళ్ళు ఆపివేసింది. తప్పు చేసినవాడెవడో, చేయనివాడెవడో అక్కడి కొనుగోలుదారుకు తెలిసే వీలు లేదు. అందరి పెట్టెలూ ఒకే పెట్టె. ఒకడి మీద పడ్డ మచ్చ జిల్లాల రైతులందరికీ అంటుకుంది. తన పేరుతో, తన మాట మీద సరుకు అమ్మేవాడికి ఇలాంటప్పుడు కనీసం చెప్పుకోవడానికి ఒక నోరు ఉంటుంది.

గోదావరి గట్టున ఉన్న ఆత్రేయపురం సంగతి చూడండి. బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి పలచగా తీసి రేకు దించడం అక్కడి ఆడవారి చేతి విద్య. ఆ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఇవాళ రేకులు అట్టపెట్టెలలో, తయారు చేసినవారి పేరుతో, ఫోను నంబరుతో ఊళ్ళు దాటి దేశాలు దాటి పోతున్నాయి. రేకు పాతదే. పెట్టె మాత్రం కొత్తది. అయితే రేకు బాగుండబట్టే పెట్టె నిలిచిందని మరువరాదు.

కనుక మొదటి పని చీటీ కాదు, సరుకు. రోడ్డు మీదా, నేల మీదా ఎండబెట్టిన చేపకు ఎంత రంగుల కవరు తొడిగినా పంటికింద ఇసుక తగిలిననాడు బండారం బయటపడుతుంది. కర్రలు పాతి, నడుమెత్తున వల పరచి దాని మీద ఎండబెడితే కింద నుంచీ గాలి ఆడుతుంది, దుమ్ము చేరదు, కుక్కలు ముట్టవు. పూర్తిగా ఎండక ముందే, వేడి ఆరక ముందే సంచికి సీలు వేస్తే లోపల చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఈ సంగతి మన ఆడవారికి తెలియనిది కాదు. బేరం తొందరే వారిని తప్పు దారి పట్టిస్తుంది.

ఆ తరువాత చీటీ. 2011 నాటి తూనికలు కొలతల నియమాల ప్రకారం ప్యాకెట్టు మీద తయారుదారు పేరు, చిరునామా, నికర బరువు, నెల, సంవత్సరం, పన్నులతో కలిపి గరిష్ఠ ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. తినే వస్తువు గనుక ఎప్పటిలోగా వాడాలో, ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు ఏమిటో, మాంసాహారమని తెలిపే గుర్తూ కావాలి. ఇవన్నీ నియమం ప్రకారం ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలి, వాటితోపాటు తెలుగులోనూ, అవ్వ కళ్ళకు ఆనేంత అక్షరాలతో వేయిస్తే చాలు. బంగారు రంగు తళుకులు అక్కరలేదు. రెండు గదుల కొట్టుకు ‘ఇంటర్నేషనల్’ అని బోర్డు రాయించుకునే సరదా మన వైపు బాగా ముదిరింది. దానికన్న ఊరి పేరు రాయించుకోవడం లాభం. కొల్లేరు అన్న మాటకే బజారులో ఒక విలువ ఉంది.

కాటాకు ఏటా ముద్ర వేయించడం, ఉదయానికీ సాయంత్రానికీ ఒకే ధర చెప్పడం, అడిగినా అడగకపోయినా చిన్న బిల్లు ముక్క ఇవ్వడం కూడా వ్యాపారపు ముఖవర్చస్సులో భాగమే. గంప నెత్తిన పెట్టుకుని వీధివీధి తిరిగే అమ్మలను ఈ లెక్కల పేరుతో ఎవరూ వేధించరాదు. వారు ప్యాకెట్లు అమ్మడం లేదు. ఎదుటనే తూచి ఇస్తున్నారు. వారి ముఖమే వారి బోర్డు.

ఏలూరు జిల్లా అధికారులు చేయవలసినది ఒకటుంది. నంబరు కోసం ఒక కార్యాలయం, కాటా ముద్ర కోసం మరొకటి, చీటీ నమూనా కోసం ఇంకొకటి తిరిగితే లంక గ్రామాల మహిళలకు కూలి డబ్బు పోతుంది. వచ్చే తిరునాళ్ళకు ముందే కైకలూరులో ఒక్క రోజు ఈ ముగ్గురు అధికారులూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, మహిళా సంఘాల దరఖాస్తులు అక్కడికక్కడే తీసుకోవాలి.