పష్మీనా మేక మనకెందుకు? మన దక్కని గొర్రె ఉండగా

లడఖ్ పష్మీనా మేకల వీడియోలు చూసి, మన గౌడవెల్లి, మేడ్చల్ వైపు పెంచితే లాభమేనా అని కొందరు అడుగుతున్నారు. వద్దనే నేను చెప్తాను.

ఆ మేక చర్మంలో రెండు రకాల వెంట్రుక కుదుళ్లు ఉంటాయి. పెద్దవాటి నుంచి గరుకు పైబొచ్చు, చిన్నవాటి నుంచి 12–15 మైక్రాన్ల మెత్తటి లోబొచ్చు వస్తాయి. పగలు తగ్గేకొద్దీ లోబొచ్చు పెరుగుతుంది. లడఖ్‌లో ఎండాకాలం, చలికాలం పగళ్లకు తేడా నాలుగు గంటల పైనే, మన దగ్గర రెండు గంటలే. అక్కడి చలిలోనే మేకకు ఏడాదికి పావు కిలో అటూ ఇటూ వస్తుంది. ఇక్కడి ఎండల్లో ఏం ఆశిస్తాం?

మనకూ ఉన్ని జాతి ఉంది, దక్కని గొర్రె. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తారు. కురుమల గొంగడి ఆ నల్ల ఉన్నిదే. మాంసం కోసం నెల్లూరు పొట్టేలుతో దాటిస్తే పిల్లలు బరువు తూగుతాయి గానీ, తరతరానికీ ఉన్ని పోతుంది. 2017లో 75 శాతం సబ్సిడీతో ఇచ్చిన 20 గొర్రెలు, ఒక పొట్టేలు యూనిట్ లెక్క కూడా మాంసానిదే.

ఉన్నికి ధర లేదంటారు, నిజమే. కానీ జాతి పోయాక ఏ సబ్సిడీ తెస్తుంది? చేలో మంద పెట్టించుకునేటప్పుడు కాపరికి చెప్పండి: దక్కని గొర్రెలకు దక్కని పొట్టేలునే ఉంచమని. చెప్పి ఊరుకోకుండా ఒక గొంగడి కూడా కొనండి.